చెరువు మీద పంటు: మిషిగన్ సరస్సు రేవుల్లో ఎనిమిది రోజులు

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద, అంటే బండ్లనీ మనుషుల్నీ దాటించే పడవ మీద, గోదావరి దాటినవాళ్ళకి ఈ కథ సగం తెలిసినట్టే. మోటారు సైకిళ్ళు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, అప్పుడప్పుడు పెళ్ళివారి కారొకటి, వాటి మధ్య దొరికిన చోట నిలబడ్డ మనుషులు. ఇరిగేషన్ శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా నాన్నగారు ఆ పంటు మీద అటూ ఇటూ తిరిగినవారే. నిరుడు వేసవిలో అమ్మా నాన్నగారూ డెట్రాయిట్ దగ్గర నోవైలో మా ఇంటికి వచ్చారు. నయాగరా చూపించేశాం. ఇక ఎక్కడికి తీసుకెళ్ళాలా అని నేను బుర్ర గోక్కుంటుంటే మా ఆయన తేల్చేశాడు: "మీ నాన్నగారిని పెద్ద పంటు ఎక్కిద్దాం."

ఆ పెద్ద పంటు పేరు ఎస్.ఎస్. బ్యాడ్జర్. మిషిగన్ రాష్ట్రంలోని లడింగ్టన్ నుంచి విస్కాన్సిన్‌లోని మానిటోవాక్‌కి, మిషిగన్ సరస్సుకి అడ్డంగా 60 మైళ్ళు. నాలుగు గంటల ప్రయాణం. మేం అటు వెళ్ళి, పైన డోర్ కౌంటీ దాకా తిరిగి, మళ్ళీ దాని మీదే వెనక్కి వచ్చాం. అమ్మానాన్నలు, మేమిద్దరం, పదేళ్ళ మా వాడు, ఒక కారు, ఒక రైస్ కుక్కర్. జులై ఆఖరు వారం.

రైస్ కుక్కర్ గురించి ముందే చెప్పేస్తాను. ఈ ఊళ్ళలో ఇండియన్ సరుకుల కొట్టు మాకెక్కడా కనబడలేదు. బియ్యం, పప్పు, పొడులు, ఆవకాయ ఇంటి నుంచే కట్టుకెళ్ళాలి. మేం బయల్దేరింది శనివారం. అమ్మ శనివారం నీచు ముట్టదు, బయట నూనెని నమ్మదు. కాబట్టి ఆ రోజంతా పులిహోర.

నోవై నుంచి లడింగ్టన్ నాలుగు గంటల లోపే. దారి పెద్దగా చెప్పుకునేట్టు ఏమీ లేదు, ఊరు చేరాక మాత్రం ఉంది. మెయిన్ వీధి నేరుగా వెళ్ళి నీళ్ళ దగ్గర ఆగిపోతుంది. అమ్మ కారు దిగి అలా చూస్తూ నిలబడిపోయింది. "చెరువన్నావు కదే!" అంది. తప్పు నాదే. లేక్ అంటే ఆవిడకి కొల్లేరు గుర్తొస్తుందని ఊహించలేదు. మిషిగన్ సరస్సు విస్తీర్ణం మన ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు కన్నా ఎక్కువే. లోతు ఒక చోట 923 అడుగులు. అవతలి ఒడ్డు కనబడదు, అలలు వస్తాయి, కాకపోతే ఉప్పు వాసన ఉండదు. అమ్మ దోసిట్లో నీళ్ళు తీసుకుని నెత్తిన చల్లుకుని, వేలితో నాలిక్కి తగిలించుకుని, "మంచినీళ్ళే" అని నాన్నగారికి సర్టిఫికెట్ ఇచ్చింది.

మేం బస చేసింది ఊరి బయట హైవే మీది మోటల్లో. బీచి పక్కన దొరికేవాటికి రాత్రికి దాదాపు రెట్టింపు అడిగారు. ఆ తేడా డబ్బుకి తగ్గ తేడా నాకేం కనబడలేదు. కారులో పది నిమిషాలు, స్టెర్న్స్ పార్క్ బీచి దగ్గర పార్కింగూ దొరికింది. టెంటు వేసుకునే అలవాటున్నవాళ్ళు మాత్రం లడింగ్టన్ స్టేట్ పార్కులోనే దిగాలి. మిషిగన్ స్టేట్ పార్కుల్లో క్యాంపు స్థలాలు ఆరు నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు, వేసవి వారాంతాలు అప్పుడే అయిపోతాయి. మేం మేలో అడిగి నవ్వించుకున్నాం.

ఆ పార్కు ఒక వైపు మిషిగన్ సరస్సు, మరో వైపు హామ్లిన్ అనే చిన్న సరస్సు, రెంటినీ కలుపుతూ బిగ్ సేబుల్ అనే చిన్న ఏరు. పెద్ద సరస్సు జులైలో కూడా కాళ్ళు కొరికేసేంత చల్లన. హామ్లిన్ వెచ్చన, అలలుండవు. పిల్లలున్నవాళ్ళు పొద్దున్న అక్కడ కయాక్ తిప్పుకుని మధ్యాహ్నం ఏట్లో ట్యూబు మీద తేలుతూ పోవచ్చు. మా వాడు ఏడుసార్లు తేలాడు. పెద్ద సరస్సు బీచిలో లైఫ్‌గార్డులు ఉండరు, జెండాలే దిక్కు. ఎర్ర జెండా చూసి కూడా దిగేవాళ్ళు కనబడ్డారు. రాతిగట్ల పక్కన నీటి లాగుడు ఎక్కువ, అక్కడ ఈత వద్దు. ఇంకో మాట: గాలి కొన్ని వైపుల నుంచి వీచిన రోజు ఆ ఇసక మీద కుట్టే ఈగలు దిగుతాయి. చూడ్డానికి ఇంటి ఈగల్లాగే ఉంటాయి, మడమల్నే వెతుక్కుని మరీ కుడతాయి. ఏ వెబ్‌సైటు ఫోటోలోనూ అవి పడవు.

పార్కు చివర బిగ్ సేబుల్ పాయింట్ లైట్‌హౌస్ ఉంది. 1867లో వెలిగించారు. 112 అడుగుల పొడవు, తెలుపూ నలుపూ పట్టీలు. ఇటుక రాలిపోతుంటే 1900లో చుట్టూ ఉక్కు రేకు తొడిగారట. కారు అక్కడి దాకా పోదు. దాదాపు రెండు మైళ్ళు ఇసకదారిలో నడక, మళ్ళీ అంతే వెనక్కి. కొన్ని తేదీల్లో బస్సు నడుపుతారు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆ తేదీలు చూసుకుని రావడం మంచిది. అమ్మ ఆగిపోయింది, నాన్నగారు నడిచారు. పైకెక్కి, చుట్టూ చూసి, "దీపం ఆర్పకుండా కూచున్నవాడి ఉద్యోగం మన లాకు సూపరింటెండెంటు ఉద్యోగం లాంటిదే, పెళ్ళాం పిల్లల్తో సహా డ్యూటీ" అన్నారు. లైట్‌హౌస్ నడకకి ఓపిక లేకపోతే ఊళ్ళోనే రేవుగోడ చివర 1924 నాటి తెల్ల దీపస్తంభం ఉంది. అర మైలు సిమెంటు గట్టు మీద నడిచి వెళ్ళొచ్చు. అలలు గట్టు మీదికి వస్తున్నప్పుడు మాత్రం ఆ పిచ్చిపని చెయ్యకండి.

నాన్నగారి కోసం ఇంకో చోటికీ వెళ్ళాం, టూరిస్టులు పెద్దగా కనబడని చోటు. ఊరికి దక్షిణంగా గుట్ట మీద 842 ఎకరాల జలాశయం. కరెంటు మిగిలినప్పుడు సరస్సు నీళ్ళు పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. 1969లో మొదలెట్టి 1973లో పూర్తిచేశారు. "మన శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌసు చేసేదీ ఇదే" అని ఆయన అక్కడే మా వాడికి అరగంట పాఠం చెప్పారు. మాకు ఆకలేస్తోంది. ఆయనకి వెయ్యడం లేదు.

సోమవారం పొద్దున్న ఎనిమిదికల్లా రేవులో ఉన్నాం. తొమ్మిదికి ఓడ.

బ్యాడ్జర్‌ని ముందు వాసనతో గుర్తుపడతారు. బొగ్గు. అమెరికాలో బొగ్గుతో నడుస్తున్న ప్రయాణికుల ఆవిరి ఓడల్లో ఇదే ఆఖరిది. 1952లో నీళ్ళలోకి దించారు, 1953లో పనిలో పెట్టారు. 410 అడుగుల పొడవు. అసలు దీన్ని కట్టింది మనుషుల కోసం కాదు, రైలు వ్యాగన్ల కోసం. షికాగో రైలు యార్డుల రద్దీలో ఇరుక్కోకుండా గూడ్సు పెట్టెల్ని సరస్సు మీదుగానే దాటించేవారు. పొట్ట భాగంలో పట్టాలుండేవి. ఆ వ్యాపారం పడిపోయి 1990లో ఓడ ఆగిపోయింది. ఇక తుక్కే అనుకుంటున్నప్పుడు 1991లో ఒక స్థానికుడు కొని, 1992 నుంచి కార్లూ మనుషులూ తిరిగేట్టు చేశాడు. బూడిదని సరస్సులో కలుపుతున్నారని చాలా ఏళ్ళు గొడవ నడిచింది. 2015 సీజన్ నుంచి బూడిదని ఓడలోనే పట్టి ఒడ్డుకు చేరుస్తున్నారు. పొగ మాత్రం పొగే. 2016లో ఓడని దేశపు చారిత్రక చిహ్నాల జాబితాలో చేర్చారు.

కారు మనం ఎక్కించం. తాళాలిచ్చేస్తే వాళ్ళ కుర్రాళ్ళు రివర్సులో, బాణం వదిలినట్టు, ఒకదాని వెనక ఒకటి లోపల పెట్టేస్తారు. మా ఆయన మొహం చూడాల్సింది. కార్లు, మోటారు సైకిళ్ళు, ఒక బస్సు, ఏదో ఫ్యాక్టరీకి పోయే భారీ యంత్రమొకటి. నాన్నగారు ఒడ్డున నిలబడి ఎక్కేవన్నీ లెక్కపెట్టడం మొదలెట్టారు. కాసేపటికి లెక్క తప్పి విసుక్కున్నారు.

ఓడ కదిలిన గంటకి ఒడ్డు పోయింది. ఫోను సిగ్నలూ పోయింది. ఇక రెండు గంటలు నీళ్ళూ ఆకాశమూ. నేను ముందు భయపడ్డాను, మా వాడు ఏమైపోతాడో అని. బింగో ఆట పెట్టారు, కాగితం చేతికిస్తే మా అమ్మతో సహా అందరూ కూచున్నారు. ఇంగ్లీషు అంకెలు గబగబా చదువుతుంటే అమ్మకి మా వాడు దుబాసీ. ఏమీ గెలవలేదు, ఇప్పటికీ ఆ కాగితం పర్సులో ఉంది. తిండి క్యాంటీన్ తిండే, పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నా సలహా: కొంచెం ఎక్కువ కట్టి చిన్న గది ఒకటి తీసుకోండి. రెండు పడకలుంటాయి, అంతే. కానీ పైన డెక్కు మీద గాలి ఎంత చలంటే, జులైలో స్వెటర్ వేసుకుని కూడా అమ్మ గంటకి మించి కూచోలేకపోయింది. గది లేకపోతే ఆ నాలుగు గంటలూ నా మీద పడేవి.

డబ్బు మాట. అయిదుగురికి, కారుకి కలిపి టికెట్లు చూస్తే గుండె కొంచెం జారుతుంది. షికాగో చుట్టి రోడ్డు మీద వస్తే నాలుగొందల మైళ్ళు, పెట్రోలు ఆ టికెట్ల డబ్బులో నాలుగో వంతు కూడా కాదు. లెక్కలు చూసుకుంటే ఓడ దండగ. కానీ ఆ లెక్క ఓడని రోడ్డుకి బదులుగా చూసేవాళ్ళది. మేం చూడటానికి వచ్చిందే ఓడని. వెళ్ళేటప్పుడు ఒకసారి చాలు, తిరుగు ప్రయాణం రోడ్డు మీద చెయ్యొచ్చు అని ఇప్పుడు నాకనిపిస్తుంది. రెండోసారి మా వాడికి బోరు కొట్టింది. నాన్నగారికి కొట్టలేదు, సరే.

అవతలి ఒడ్డుకి ఒంటిగంటకి చేరాలి కదా, పన్నెండుకే చేరాం. విస్కాన్సిన్ గడియారం గంట వెనక. ఆ గంట తిరిగొచ్చేటప్పుడు వాళ్ళకే ఇచ్చెయ్యాలి.

మానిటోవాక్‌ని చాలామంది దిగీ దిగగానే వదిలేసి పైకి డోర్ కౌంటీకి పరుగెడతారు. మేమూ అదే చెయ్యబోయాం. నా మాట విని ఒక రాత్రి అక్కడుండండి. అందమైన ఊరని చెప్పను. ఫ్యాక్టరీలు, గోదాములు, సగం ఖాళీ వీధులు. కానీ నది ఒడ్డున విస్కాన్సిన్ మారిటైమ్ మ్యూజియం, దాని పక్కన నీళ్ళలో తేలుతూ యుద్ధకాలపు జలాంతర్గామి యు.ఎస్.ఎస్. కోబియా ఉన్నాయి. ఈ ప్రయాణం మొత్తంలో అమ్మ తప్ప మేమందరం ఒకే మాట మీదున్నది ఈ చోటు గురించే.

ఈ ఊరు సముద్రానికి వెయ్యి మైళ్ళ దూరంలో ఉండి రెండో ప్రపంచ యుద్ధంలో 28 జలాంతర్గాములు కట్టింది. నది ఇరుకు, పొడవుగా దించడానికి చోటు లేదు. అందుకని పక్కకి దొర్లించేవారు, ఒక్కసారిగా దభీమని నీళ్ళలో పడేది. ఆ ఫోటోల్లో నీళ్ళు లేచిన ఎత్తు చూస్తే ఒడ్డున నిలబడ్డవాళ్ళు తడవకుండా ఎలా ఉన్నారో అర్థం కాదు. ఆ తర్వాత సముద్రం దాకా ఎలా? సరస్సు మీద షికాగో, అక్కణ్ణించి కాలవ, ఇల్లినాయ్ నది, మిసిసిపి నది, న్యూ ఆర్లీన్స్. లోతు చాలని చోట తేలే డాక్‌లో కూచోబెట్టి తీసుకెళ్ళారు. వంతెనల కింద పట్టదని పెరిస్కోపుల స్తంభాలు విప్పేసి, అక్కడికెళ్ళాక మళ్ళీ బిగించారు. నాన్నగారు ఆ మ్యాపు ముందు నుంచి కదల్లేదు. కాలవ లోతులూ లాకుల వెడల్పులూ ఆయన భాష. ఈ ఊళ్ళో కట్టినవాటిలో నాలుగు యుద్ధం నుంచి తిరిగి రాలేదు.

కోబియా మాత్రం ఇక్కడ కట్టింది కాదు, కనెక్టికట్‌లో కట్టింది. ఇక్కడి పనివాళ్ళ గుర్తుగా తెచ్చి పెట్టుకున్నారు. విశాఖ బీచిలో కురుసుర చూసినవాళ్ళకి లోపలి సంగతి కొత్తేం కాదు: టార్పెడోల పక్కనే పడకలు, గుండ్రటి తలుపుల్లోంచి కాలు ముందు పెట్టి దూరడం, ఇంతమంది ఇందులో ఎలా బతికారన్న ఆశ్చర్యం. కానీ కురుసుర ఒడ్డెక్కి ఇసక పక్కన కూచుంది. ఇది నీళ్ళలోనే ఉంది, నడుస్తుంటే కాళ్ళ కింద చాలా కొద్దిగా కదులుతుంది. ఆ కొద్దిపాటి కదలికే మొత్తం మార్చేస్తుంది. అమ్మ మొదటి నిచ్చెన చూసి "నేనిక్కడే కూచుంటా, మీరెళ్ళండి" అంది, మ్యూజియం కిటికీ పక్కన హాయిగా కునుకు తీసింది. రాత్రి అందులోనే పడుకునే ఏర్పాటు కూడా ఉందని తెలిసి మా వాడు మరుసటి పుట్టినరోజుకి అడిగాడు. ఇంకా ఆలోచిస్తున్నాం.

సాయంత్రం ఇంకో విచిత్రం. 1962 సెప్టెంబరులో రష్యావాళ్ళ స్పుత్నిక్ 4 అనే అంతరిక్ష నౌక ముక్క ఒకటి ఆకాశం నుంచి వచ్చి ఈ ఊరి వీధి మధ్యలో పడింది. పడ్డచోట రోడ్డులో ఒక ఇత్తడి కడియం పొదిగారు. నడిరోడ్డు మీద వంగుని దాన్ని ఫోటో తీస్తుంటే పక్కనుంచి కారు వాడు ఆగి, విసుక్కోకుండా, తీసుకోండని చెయ్యూపాడు. ఊరి మీద నా అభిప్రాయంలో ఆ చెయ్యికి కూడా వాటా ఉంది.

మంగళవారం పొద్దున్న ఒడ్డు వెంబడి ఆరేడు మైళ్ళు వెళ్తే టూ రివర్స్. మానిటోవాక్ నుంచి ఇక్కడికి నీళ్ళ పక్కనే సైకిలు బాట ఉంది, చదునుగా, ఎవరైనా తొక్కొచ్చు. ఐస్‌క్రీమ్ మీద తియ్యటి పాకం పోసిచ్చే సండే 1881లో మా ఊళ్ళోనే పుట్టిందని ఈ ఊరివాళ్ళు, కాదు మాదని న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథకావాళ్ళు. కాకినాడ కాజా, తాపేశ్వరం కాజా తగువు చూసినవాళ్ళం, మేం జోక్యం చేసుకోలేదు, రెండేసి కప్పులు తిన్నాం.

అక్కడి పాత జాలర్ల పేటని మ్యూజియంగా ఉంచారు. షెడ్లు, వలలు, పాత ఇంజన్లు. క్రిస్మస్ చెట్ల ఓడ కథ అక్కడ విన్నాం. రౌస్ సిమన్స్ అనే మూడు తెరచాపల ఓడ. ఏటా ఉత్తరాన అడవుల్లో నరికిన క్రిస్మస్ చెట్లు నింపుకుని షికాగో రేవులో అమ్ముకునేది. 1912 నవంబరులో చెట్లతో సహా ఈ దగ్గరే మునిగిపోయింది, ఒక్కరూ మిగల్లేదు. 1971లో ఒక డైవర్‌కి అడుగున దొరికింది. అప్పటికి దాదాపు అరవయ్యేళ్ళు, లోపల చెట్లు ఇంకా పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయట. ఉప్పులేని చల్లని నీళ్ళు, కలప తొలిచే పురుగు ఉండదు, అందుకే ఈ సరస్సులో మునిగిన కొయ్య ఓడలు కుళ్ళవు. 2021లో ఈ తీరాన్ని, నీటి కింద ఉన్న ఓడలతో సహా, రక్షిత ప్రాంతం చేశారు. అమ్మ ఈ కథ మొత్తం విని, కెప్టెన్ భార్య ఏమైందని అడిగింది. షికాగోలో చెట్ల వ్యాపారం ఆవిడా కూతుళ్ళూ నడిపించారని అక్కడి పెద్దాయన చెప్పాడు. అమ్మ తలాడించింది.

అక్కణ్ణించి పైకి 42వ నంబరు రోడ్డు. కెవానీలో, రేవులో కట్టేసిన పాత టగ్గు (పెద్ద ఓడల్ని లాగే పడవ) పేరు చూసి నవ్వుకున్నాం: లడింగ్టన్. మేం బయల్దేరిన ఊరి పేరే. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ మీద జరిగిన దాడికి వెళ్ళొచ్చిన టగ్గు అది. ఆల్గోమాలో ఎర్ర దీపస్తంభం దగ్గర పావుగంట. ఆ రోడ్డు మీద ప్రతి ఊరూ పావుగంట ఊరే, ఏదీ వదలబుద్ధి కాదు.

ఇక డోర్ కౌంటీ. అందరూ మెచ్చుకునేది ఇదే, నేను గొణిగేదీ ఇక్కడే.

పేరు బావుంటుంది వినడానికి. ఈ కౌంటీ ఒక ద్వీపకల్పం. దాని కొసకీ వాషింగ్టన్ దీవికీ మధ్య ఉన్న జలసంధిని ఫ్రెంచివాళ్ళు మృత్యుద్వారం అన్నారు, ఆ ద్వారమే కౌంటీ పేరయింది. ఫిష్ క్రీక్, ఎఫ్రయిమ్, సిస్టర్ బే అని వరసగా తెల్లటి ముచ్చటైన ఊళ్ళు. ప్రతిదాంట్లో చెర్రీ జామ్, కొవ్వొత్తులు, టీషర్టులు అమ్మే కొట్లు. జులైలో పార్కింగు కోసం మూడు చుట్లు తిరగాలి. సిస్టర్ బేలో కప్పు మీద మేకలు మేసే హోటలుంది. మా వాడికి అది చాలా బాగా నచ్చింది. నాకు మేకలే నచ్చాయి, క్యూ నచ్చలేదు.

ఫిష్ క్రీక్ దగ్గర కాటేజీ రెండు రాత్రులకి తీసుకున్నాం. పేరు చెప్పను. "పూర్తి వంటగది" అని రాసి ఉంది. తీరా చూస్తే ఒక ఎలక్ట్రిక్ పొయ్యి, మైక్రోవేవ్, ఒక గిన్నె. సరే, అమ్మ దాని మీదే పప్పు పెట్టి ఇంగువ తాలింపు వేసింది. స్మోక్ అలారం కూసింది. కిటికీలు తీసి, తువ్వాలు ఊపి, ఆపేశాం. ఎవరికీ ఇబ్బంది లేదనుకున్నాం. ఇంటికొచ్చిన మూడో రోజుకి ఈమెయిలు: "ఘాటు వంట వాసన" పోగొట్టడానికి నూట యాభై డాలర్లు కార్డు మీద కొట్టేశారు. నేను వదల్లేదు. వంట చేసుకోవచ్చని వాళ్ళే రాసిన పేజీ, వెళ్ళేముందు తీసిన గది ఫోటోలు పంపి తగువాడితే సగం వెనక్కిచ్చారు. మనవాళ్ళకి ఒకటే మాట: బుక్ చేసేముందు "మేం ఇండియన్ వంట చేసుకుంటాం, పర్వాలేదా" అని రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి. ఖాళీ చేసేముందు ఫోటోలు తీసుకోండి. కుదిరితే తాలింపు ఇంటి దగ్గరే వేయించి డబ్బాలో తెచ్చుకోండి.

ఆ చేదుని పక్కనపెడితే పెనిన్సులా స్టేట్ పార్కు నిజంగా బాగుంది. బయటి రాష్ట్రం కారుకి ప్రవేశరుసుం ఎక్కువ, అయినా దిగాలి. అక్కడి ఈగిల్ టవర్‌ని 2021లో కొత్తగా కట్టారు. 60 అడుగుల ఎత్తు, చెట్ల మధ్యలోంచి మెల్లగా చుట్టూ తిరుగుతూ పైకి వెళ్ళే ర్యాంపు. చక్రాల కుర్చీ కూడా పోతుంది. అమ్మ ఈ ప్రయాణంలో ఎక్కిన ఎత్తు అదొక్కటే. పైన నిలబడి దీవులు లెక్కపెట్టింది, గుళ్ళో ప్రదక్షిణం చేసినట్టు పైన రెండు చుట్లు తిరిగింది. సూర్యాస్తమయం కావాలంటే ఈ వైపు, గ్రీన్ బే అనే అఖాతం వైపు. జనం వద్దు, ప్రశాంతంగా ఉండాలంటే అవతల సరస్సు వైపు, బెయిలీస్ హార్బర్ దిక్కు. నేనైతే ఇక ముందు అటే దిగుతాను.

అటు వైపున్న కేవ్ పాయింట్ దగ్గర సున్నపురాయి గట్టు కింద నీళ్ళు తొలిచిన గుహలు. పైనుంచి చూడ్డం ఉచితం. కింద కయాక్‌లో చూద్దామని నేనూ మా వాడూ గైడుతో బుక్ చేసుకున్నాం. పొద్దున్న గాలి తిరిగింది, ఈ రోజు అటు పోలేమని ఇంకో ఒడ్డుకి మార్చేశారు. మా వాడు మూతి ముడిచాడు. నేను మాత్రం ఆ గైడుకి మంచి మార్కులిస్తాను. గట్టు మీద నిలబడి చూస్తే, అలలు గుహల్లో దూరి ఫిరంగి పేలినట్టు మోగుతున్నాయి.

ఫిష్ బాయిల్ తినకుండా రావద్దన్నారు. వైట్‌ఫిష్ ముక్కలు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు పెద్ద గంగాళంలో ఉప్పు నీళ్ళలో ఉడకబెడతారు. చివర్లో కిరసనాయిలు మంట మీద పోస్తే భగ్గుమని లేచి, నీళ్ళు పొంగి, పైన తేలిన నూనె నురగంతా పొయ్యిలోకి పోతుంది. చూడ్డానికి దీపావళి. తినడానికి? గోదావరి ఒడ్డున పులస పులుసు తిని పెరిగినాయన ఆ తెల్లటి ముక్కని వెన్నలో ముంచుకుని, నమిలి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "చేప మంచిదేనమ్మా, దానికేం తెలుసు పాపం" అన్నారు. శుక్రవారం స్టర్జన్ బేలో తిన్న వేపుడు చేప మాత్రం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. విస్కాన్సిన్‌లో శుక్రవారం రాత్రి చేపల వేపుడు ఆనవాయితీ, చిన్న క్లబ్బుల్లో కూడా పెడతారు. దానికే వెళ్ళండి.

వాషింగ్టన్ దీవికి నార్త్‌పోర్ట్ నుంచి అరగంట ఫెర్రీ. దాటేది ఆ మృత్యుద్వారమే, ఆ రోజు మా ఇంటి బాత్‌టబ్బులా నిశ్చలంగా ఉంది. స్కూల్‌హౌస్ బీచిలో ఇసక ఉండదు, అన్నీ నున్నటి తెల్ల గులకరాళ్ళే. ఒక్కటి తీసుకెళ్ళినా జరిమానా. అమ్మ పూజగదికని ఒకటి కొంగున కట్టుకుంది. బోర్డు చదివి చెప్పాక విప్పి, ఉన్నచోటే పెట్టింది. బీచి చెప్పులు కాకుండా గట్టి అడుగున్న చెప్పులు వేసుకోండి.

చివరి రెండు రాత్రులు స్టర్జన్ బేలో. మొదటే ఇక్కడ దిగాల్సింది. అద్దె తక్కువ, తిండి నయం, మంచి కిరాణా కొట్లున్నాయి, మోటల్ ఆవిడ రైస్ కుక్కర్ చూసి "మా ఇంట్లోనూ ఉంది" అంది. ఊరి మధ్యలో లేచే వంతెన, దాని పక్కన క్రేన్లతో ఓడల కార్ఖానా. మృత్యుద్వారం చుట్టి రాకుండా ఓడలు అడ్డంగా పోవడానికి ఇక్కడ 1870ల్లో కాలవ తవ్వడం మొదలెట్టి 1880ల మొదట్లో పూర్తిచేశారు. ఇక్కడి ఓడల మ్యూజియానికి పది అంతస్తుల లైట్‌హౌస్ ఆకారపు టవర్ ఉంది, లిఫ్టు ఉంది. కింద జాన్ పర్వెస్ అనే టగ్గు ఎక్కి చూడొచ్చు. అక్కడ గోడ మీద పాత ఫోటోలు చూస్తూ నాన్నగారు నన్ను కేకేశారు. మేం ఎక్కొచ్చిన బ్యాడ్జర్ పుట్టింది ఈ ఊళ్ళోనే. "పుట్టింటికొచ్చాం" అన్నారు.

శనివారం మానిటోవాక్ రేవుకి రెండు గంటల ఓడకి పదకొండుకే చేరిపోయాం. కారు గడియారం వారమంతా మిషిగన్ టైములోనే ఉందని అక్కడికెళ్ళాక తెలిసింది. పులిహోర మళ్ళీ తీశాం. ఓడ వచ్చింది, లోపలున్న కార్లు దిగడం మొదలయింది. ఈసారి నాన్నగారు తయారుగా ఉన్నారు. పదికొకటి చొప్పున మా వాడి నోట్‌బుక్కులో గీత పెట్టిస్తూ చివరి బండి దాకా లెక్కపెట్టారు. నూట పద్నాలుగు.

"మన పంటు మీద ఎన్ని పడతాయి తాతయ్యా?" అని అడిగాడు వాడు.

"కార్లయితే నాలుగో అయిదో. కానీ మనవాళ్ళు తాళాలు అడగరు" అన్నారు.